గుమ్మం ముందు సవరణ

మొన్న మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని వార్తలు దిద్దుకుంటుంటే కింద వీధిలో ఆటో మైకు కీచుమంది. చీరల దుకాణం వాళ్ళ ఆషాఢం తగ్గింపు ప్రకటన. ఆ చప్పుడుకి నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి "ఏటైనాది మేడమ్?" అని అడిగింది. ఏమీ లేదన్నాను గానీ ఉంది. ఆమదాలవలసలో నా వయసు వాళ్ళని ఎవరినైనా అడగండి. ఒకప్పుడు ఆటో మైకు కీచుమంటే జనం పనులొదిలి గుమ్మాల్లోకి వచ్చేవారు. ఆ ఆటో ఎవరింటి ముందు ఆగుతుందోనని మెడలు సాచి చూసేవారు. అది పేపరు సూరి గారి ఆటో అయితే ఆ వీధిలో ఎవరికో పోయిన పరువు తిరిగొస్తోందన్నమాట.

ఆయన అసలు పేరు అప్పలసూరి. "తూరుపు మాట" అనే సాయంకాలం పత్రిక ఆయనది. మీడియా యజమాని అనగానే ఈ కాలం వాళ్ళకి అద్దాల మేడ, నల్ల కారు, మంత్రుల భుజాల మీద చేతులేసిన ఫొటోలు గుర్తొస్తాయి. మా సూరి గారికి అవేవీ లేవు. శుభలేఖలూ, ధాన్యం వ్యాపారుల చీటీలూ అచ్చేసే చిన్న ప్రెస్సు తండ్రి నుంచి వచ్చింది. దాంట్లోంచే పత్రిక పుట్టించారు. అచ్చు పని ఆయనది, లెక్కలు కొడుకు రమణవి, కట్టలు కట్టించి రైలుకీ, సాలూరు లారీలకీ ఎక్కించే పని భార్య నారాయణమ్మ గారిది. పత్రికలో ఆవిడ పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆవిడ ఒక్కరోజు మంచాన పడితే మాత్రం పత్రిక ఊరు దాటేది కాదు.

ఆ కుటుంబానికి ఒక విచిత్రమైన ఆచారం ఉండేది. పత్రికలో ఎవరి గురించైనా తప్పు పడితే అందరిలా లోపలి పేజీలో కనపడీ కనపడకుండా "చింతిస్తున్నాం" అని వేసి చేతులు దులుపుకునేవారు కాదు. మైకు కట్టిన ఆటోలో భార్యాభర్తలిద్దరూ ఆ మనిషి ఇంటికి వెళ్ళేవారు. నారాయణమ్మ గారు లోపలికెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడేవారు. సూరి గారు గుమ్మం ముందు నిలబడి, అచ్చయిన తప్పు వార్తని ముందు ఉన్నదున్నట్టు చదివేవారు. ఆ తర్వాత ఏది నిజమో చదివేవారు. క్షమాపణ చెప్పి వచ్చేసేవారు. తోటి పత్రికల వాళ్ళు ఆయనని వెక్కిరించేవారు, వీధి నాటకాల కంపెనీ అని పేరు కూడా పెట్టారు. ఆయన పట్టించుకోలేదు.

నేనాయన్ని మొదటిసారి చూసింది మా ఇంటి ముందే. మాది బాప్టిస్టు చర్చి వెనక వీధి. మా నాన్న దానియేలు రైల్వే స్టేషన్లో కూలీ. ఒకరోజు ప్రయాణికుడెవరో బండిలో మర్చిపోయిన సంచిని నాన్న తీసుకెళ్ళి స్టేషను మాస్టరు చేతికిచ్చాడు. ఆ సంచి ఎవరి చేతుల మీదుగా ఎలా నడిచిందో, ఎవరు ఎవరికి ఏం చెప్పారో గానీ, మర్నాడు తూరుపు మాటలో "ప్రయాణికుడి సంచి కాజేసిన స్టేషను కూలీ" అని పడింది. నాన్న పేరుతో సహా. మా అమ్మ పొయ్యి ఆర్పేసి గోడకి చేరగిలబడింది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ పేపరుని ముక్కలుముక్కలు చేసినా నా కోపం తీరలేదు.

మర్నాటి పొద్దున్నే ఆటో వచ్చి ఆగింది. తెల్ల చొక్కా, మడత పంచె, దారంతో మెడకి కట్టుకున్న కళ్ళజోడు. ఆయన దిగి, చెప్పులు విడిచి, మైకు చేత్తో పట్టుకుని ఆ దొంగ వార్తనే మళ్ళీ గట్టిగా చదవడం మొదలుపెట్టారు. అమ్మ గుండె బాదుకుంది.

"ఓలమ్మ, మళ్ళీ సదవతన్నాడేటి! నిన్నటిది సాల్నేదేటి ఈ మారాజుకి!"

లోపలికొచ్చిన నారాయణమ్మ గారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "కూసింత ఓర్సుకో తల్లీ. తప్పు ఇనబడితేనే కదా దిద్దింది ఇనబడతాది" అన్నారు. బయట సూరి గారు, స్టేషను మాస్టరుని కనుక్కుని వచ్చిన నిజం చదివారు. దానియేలు సంచి దొంగిలించలేదు, తెచ్చి అప్పగించాడు, కనుక్కోకుండా అచ్చేసిన తప్పు తూరుపు మాటది అన్నారు. వీధంతా విన్నది. మా నాన్న మాత్రం అరుగు మీంచి లేవలేదు.

"బాగానే సదివినారు బాబూ. ఈదిలో అందరూ ఇన్నారు. మరి మీ పేపరు రైలెక్కి పోయినాది కదా. ఆ రైల్లో సదూకుని ఎల్లిపోనోలకి ఎవులు సెప్తారు?" అన్నాడు.

ఎవరైనా అయితే ఇంతకంటే ఏం చెయ్యమంటావని కసురుకునేవారు. సూరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నిజమే దానియేలూ. అది నాను ఆలోసించనేదు" అన్నారు.

ఆ సాయంత్రం పాసింజరు వచ్చే వేళకి ఆయన ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. స్టేషను వాళ్ళు వద్దన్నారు, రైల్వే పోలీసు మైకు లాక్కోబోయాడు. "రైల్లో అమ్మినప్పుడు అడ్డం రానేదు, రైల్లో దిద్దుకుంటానంటే అడ్డమొస్తన్నారేటి?" అని కేకలేసి, బండి ఆగినంతసేపూ చదివారు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మా నాన్న నెత్తి మీద ఎవరిదో పెట్టె ఉంది. దాన్ని దించకుండా, ప్రయాణికుడు తొందరపెడుతున్నా కదలకుండా, చివరిదాకా నిలబడి విన్నాడు. నేను గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. ఇలాంటి మనిషి దగ్గర పనిచెయ్యాలని ఆ రోజే అనుకున్నాను.

డిగ్రీ అయిపోగానే వాళ్ళ ఆఫీసు మెట్లెక్కాను. ఆయన నన్ను గుర్తుపట్టారు.

"దానియేలు కూతురివి కాదేటి? ఏటి కావాలమ్మా?"

"ఉద్యోగం సార్."

"నాను మమ్మల్ని తిట్టడానికొచ్చినావనుకున్నాను."

"చేరాక అది కూడా చేస్తాను సార్."

పేపరు కట్టల మధ్య కూర్చున్న నారాయణమ్మ గారు పకపకా నవ్వారు. "ఈ గుంటని ఎట్టుకో. నీకు ఎదురు సెప్పీవోలు ఇంట్లో నాను తప్ప ఎవులూ నేరు" అన్నారు. మా వైపు ఆడపిల్లని గుంట అని ముద్దుగానే అంటారు. ఆవిడ నన్ను చివరిదాకా అలాగే పిలిచారు. ఆయన మాత్రం రూతమ్మ అనేవారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని ఏ కాలేజీలోనూ చెప్పరు. మొదట్లో ఒక హైస్కూలు హెడ్మాస్టరు మీద వార్త రాశాను. ఆయన బడికి ఎప్పుడొస్తాడో ఎప్పుడు వెళ్తాడో ఎవరికీ తెలియదు. నా కలానికి అప్పుడప్పుడే పదును వస్తోంది కదా, "నిర్లక్ష్యానికి నిలువెత్తు నిదర్శనం" అని రాసి మురిసిపోయాను. సూరి గారు కాగితం నా చేతికే ఇచ్చి, లేచి వెళ్ళి గుమ్మం అవతల నిలబడ్డారు. "నానే హెడ్మాస్టర్ని. సదువు" అన్నారు. చదివాను. ఆ నిలువెత్తు దగ్గరికొచ్చేసరికి నోరు తడబడింది.

"నిలువెత్తంటే ఎంతెత్తమ్మా? కొలిసినావేటి?" అని అడిగారు. "ఏ రోజు రానేదో రాయి. ఆ రోజు పిల్లలేటి సేసినారో రాయి. అది నాను కాదననేను. మన పేపర్లో ఏ మాటైనా ఒకనాడు ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి సదవవలిసి వస్తాది. అప్పుడు నోరు తడబడీ మాట ఇప్పుడే తీసీ."

కొడుకు రమణకి ఈ ఆచారం పడేది కాదు. అతను చెడ్డవాడేం కాదు, కాలాన్ని చూసినవాడు. కేబుల్లో వార్తలు మొదలుపెడదామని తండ్రి వెంట పడేవాడు. ఇద్దరికీ రోజూ గొడవే.

"తప్పు జరిగినప్పుడల్లా ఆటో కట్టించుకుని తిరిగితే మనది తప్పుల పేపరంటన్నారు నాన్నా. మిగతావోలకి తప్పులు నేవేటి?"

"తప్పులు నేని పేపరుంటే తెమ్మను. మనమూ సందా కట్టీసి సదూదాం."

ఈ ప్రెస్సూ, ఆఫీసూ నడిచేది నారాయణమ్మ గారి తమ్ముడు గౌరునాయుడి భవనంలో. ఆయనకి ఊరి చివర పెద్ద రైసు మిల్లు ఉంది. మిల్లర్లందరికీ ఆయన మాటే మాట. మా పత్రికకి వచ్చే ప్రకటనల్లో ఎక్కువ భాగం ఆయన చెబితే వచ్చేవే. అక్కనీ బావనీ బాగానే చూసుకునేవాడు. పండగలకి బట్టలు పెట్టేవాడు. ఆఫీసుకొస్తే మాకందరికీ జీడిపప్పు పొట్లాలు తెచ్చేవాడు.

ఆ మిల్లు మీదే నేను వార్త రాశాను. మిల్లులో ఊక కాల్చి ధాన్యం ఉడికిస్తారు. పొగ గొట్టంలోంచి వచ్చే బూడిద గాలికి లేచి చుట్టుపక్కల పేటల మీద పడుతోంది. మెట్టపేట, గెడ్డపేట, తోటపేట, మూడూ కూలీ జనం ఉండే పేటలు. మూడూ తిరిగాను. ఆడవాళ్ళు అన్నం గిన్నెల మీద తడిబట్ట కప్పుతున్నారు. ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయి. పిల్లలు ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ బడికి పోతున్నారు. గెడ్డపేటలో ఒక తల్లి పిల్లాడి కనురెప్ప పైకెత్తి, "సూడమ్మా, ఇది రాయి నీ పేపర్లో" అని నాకు చూపించింది. నేను మూడు పేటల పేర్లూ రాసి సూరి గారికిచ్చాను. ఆయన చదివి పక్కన పెట్టుకున్నారు. బావమరిది మిల్లు కదా, వెయ్యరేమోనని భయపడ్డాను. సాయంత్రం పత్రిక తీసి చూస్తే వార్త ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. చదువుతూ పోతే మెట్టపేట ఒక్కటే ఉంది, మిగతా రెండు పేటలూ లేవు. ఆ తల్లి లేదు, ఆ కనురెప్ప లేదు.

ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"రెండు పేటలేవి సార్?"

"సోటు సాల్నేదమ్మా." ఆయన తల ఎత్తలేదు.

"పక్కనే ఎరువుల ప్రకటన ఉంది కదా. అది తీసెయ్యొచ్చు కదా?"

ఆయన ఇంకో కాగితం ముందుకు లాక్కున్నారు. నాకు అసహ్యం వేసింది. దాచుకోను, ఆయన మీదే వేసింది.

ఆ ఒక్క పేట వార్తకే గౌరునాయుడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మర్నాడు మిల్లర్ల సంఘం మనుషుల్ని వెంటేసుకుని ఆఫీసుకొచ్చాడు. ఈసారి జీడిపప్పు లేదు.

"బావా, తప్పు రాస్తే గుమ్మం ముందుకొచ్చి సదువుతావు కదా. కూలోడికి సదివినావు, రిక్షావోడికి సదివినావు. ఇప్పుడు నాకు సదువు. మా మిల్లు నుంచి పొగ తప్ప ఏటీ రాదని సదువు. ఆదివారం రా. షామియానా ఏయిస్తాను, పెద్దమనుసుల్ని పిలుస్తాను. రాకపోతే నీ మిషన్లు రోడ్డు మీదుంటాయి. ఈలెవులూ నీకు ప్రకటన ఇవ్వరు. అప్ప మొకం సూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

అప్ప అంటే అక్క. ఆవిడ అక్కడే కట్టలు కడుతున్నారు, తల తిప్పలేదు. సూరి గారు "వస్తాను" అన్నారు.

వాళ్ళు వెళ్ళిపోయాక రమణ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు. "నేను రాసింది తప్పా సార్?" అని అందరి ముందూ అడిగాను.

"తప్పుందమ్మా."

"ఏది?"

"ఆదివారం ఇందువుగాని. నువ్వు కూడా రావాల."

ఆ ఆదివారంతో ఈ ఉద్యోగానికి దండం పెట్టేద్దామని నిశ్చయించుకున్నాను. ఇంటికొచ్చి నాన్నతో అదే చెప్పాను. ఇన్నాళ్ళూ పేదవాళ్ళ గుమ్మాల ముందు వంగిన మనిషి, డబ్బున్నవాడి గుమ్మం ముందు అబద్ధానికి వంగబోతున్నాడని తిట్టాను. నాన్న బీడీ కాల్చుకుంటూ విన్నాడు. "మనింటికి వచ్చిన్నాడు కూడా దొంగ నాటకమే అనుకున్నాను. ఆ సాయంత్రం రైలు దగ్గర సూసినాకే నమ్మినాను. ఎల్లి సూసి, అప్పుడు మానీ" అన్నాడు. ఆ రోజుల్లో సూరి గారు, నారాయణమ్మ గారు మధ్యాహ్నాలు ఆఫీసులో కనపడలేదు. మిల్లర్లతో రాజీ మాటలకి తిరుగుతున్నారని అందరం అనుకున్నాం.

ఆదివారం చర్చి మానేసి వెళ్ళాను. గౌరునాయుడి ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కూల్‌డ్రింకుల పెట్టెలు. ముందు వరసలో మిల్లర్లు, ఊరి పెద్దలు. వెనక గోడవారగా మిల్లులో బస్తాలు మోసే హమాలీలు. గౌరునాయుడు ఇస్త్రీ మడత నలగని బట్టల్లో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ఆటో వచ్చింది. సూరి గారు దిగి చెప్పులు విడిచారు. ఆచారం ప్రకారం నారాయణమ్మ గారు లోపలికెళ్ళాలి. అది ఆవిడ పుట్టినిల్లు కూడాను. ఆవిడ లోపలికి వెళ్ళలేదు, ఆటో పక్కనే నిలబడ్డారు.

సూరి గారు ముందు అచ్చయిన వార్తని మొత్తం చదివారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇందులో తప్పున్నాది. బూడిద మెట్టపేట మీద పడతన్నాదని అచ్చేసినాం. అది తప్పు. మెట్టపేట, గెడ్డపేట, తోటపేట, మూడింటి మీదా పడతన్నాది. రూతమ్మ మూడూ రాసింది. బావమరిది కదా, ఒక పేటంటే ఇంట్లో ఇంట్లో సర్దుకోవచ్చు, మూడంటే ఆఫీసర్లు దిగిపోతారు అనుకుని, రెండు పేటలు నానే కొట్టీసినాను. సోటు సాల్నేదని ఈ పిల్లకి అబద్ధం కూడా సెప్పినాను. తప్పు నాది. గెడ్డపేట జనానికి, తోటపేట జనానికి సెమాపణ సెప్తన్నాను. గౌరునాయుడికి సెప్పవలిసింది ఏటీ నేదు."

హమాలీల్లో ఎవడో ఈల వేశాడు. ముందు వరసలో ఒక పెద్దమనిషి చేతిలో కూల్‌డ్రింకు సీసా నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది. సంతోషమో, సిగ్గో, ఆయన మీద అప్పటిదాకా పెంచుకున్న కోపం ఒక్కసారి కరగడమో నాకు తెలియదు గానీ, పరిగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది.

గౌరునాయుడు కుర్చీ తన్నేసి లేచాడు. "అప్పా! నీ మొగుడికి మతి పోయినాది. నువ్వైనా సెప్పు!"

"ఏటి సెప్పమంటావురా తమ్ముడూ?" అన్నారు నారాయణమ్మ గారు. ఆవిడ గొంతు పెంచలేదు. "మొన్న మజ్జానం గెడ్డపేటలో అన్నం తిన్నాను. పళ్ళకింద కరకరలాడింది. పొగైతే కరకరలాడతాదేటి?"

రాజీకి తిరుగుతున్నారని మేమనుకున్న మధ్యాహ్నాలన్నీ వాళ్ళు పేటల్లో ఉన్నారని అప్పుడు తెలిసింది. ఆటో అక్కడినుంచి సరాసరి గెడ్డపేటకి వెళ్ళింది, అక్కడినుంచి తోటపేటకి. నేనూ ఎక్కాను. గెడ్డపేటలో క్షమాపణ చదివితే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "సెమాపణ సరే బాబూ, ముందు ఆ గొట్టం సంగతి సూడండి" అంది. సూరి గారు తల ఊపారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఉద్యోగం మానేస్తానన్న మాట ఎత్తలేదు, ఆయనా రెండు పేటల మాట ఎత్తలేదు.

గౌరునాయుడు మాట మీద నిలబడ్డాడు. ఆ వారంలోనే మా యంత్రాలు నిజంగా రోడ్డు మీదికొచ్చాయి. ప్రకటనలు ఆగిపోయాయి. రమణ తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ తిట్లు ఆపకుండానే చొక్కా విప్పి యంత్రాల భాగాలు మొయ్యడం మొదలుపెట్టాడు. నాన్న వెళ్ళి మా పాస్టరు గారితో మాట్లాడాడు. చర్చి వెనక పాడుబడ్డ బడి షెడ్డు ఒకటి ఉంటే అది ఇచ్చారు. నాన్నా, తోటి కూలీలూ స్టేషను నుంచి తోపుడు బళ్ళు తెచ్చి సామానంతా చేరవేశారు. మూతపడుతుందని ఊరంతా చెప్పుకున్న పత్రిక ఒక్కరోజు కూడా ఆగలేదు. మొదటిరోజు ఒకే కాగితం, అదీ ఒక పక్కే అచ్చు. రెండో పక్క తెల్లగా ఉంది. "అది గౌరునాయుడి ప్రకటన సోటు" అని సూరి గారు నవ్వారు. ఆ తెల్ల పక్కనే ఇష్టంగా కొనుక్కున్నారు జనం.

బూడిద గురించి కూడా చెప్పాలి. అధికారులొచ్చారు, చూశారు, వెళ్ళారు. మేం మూడు పేటల వార్తలూ రాస్తూనే ఉన్నాం. చాలా కాలానికి గొట్టం ఎత్తు పెంచారు, లోపల ఏదో జల్లెడ లాంటిది బిగించారు. బూడిద తగ్గింది. పూర్తిగా ఆగిందని నేను రాయను, ఎందుకంటే ఆగలేదు.

తర్వాత రమణ పంతం నెగ్గింది. మొదట కేబుల్, ఇప్పుడు ఫోన్లలో చూసే వీడియోలు. మొదట్లోనే ఒక వీడియోలో ఒకావిడ గురించి తప్పు మాట వెళ్ళింది. రమణ గబగబా దాన్ని తీసేసి హమ్మయ్య అనుకున్నాడు. సూరి గారు అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నారు. "ఫోన్లోంచి తీసీసినావు సరే. సూసినోల బుర్రల్లోంచి ఎలగ తీస్తావురా?" అని అడిగారు. రమణ విసుక్కుంటూనే ఆటో పిలిచాడు. ఆవిడ గుమ్మం ముందు నిలబడి చదివాడు, ఆ చదవడం వీడియో తీయించి దాన్నే మళ్ళీ పెట్టాడు. ఆ రోజు తండ్రీకొడుకులు ఒకే కంచంలో తిన్నారని నారాయణమ్మ గారు నాకు చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

సూరి గారు పోయినప్పుడు జనం షెడ్డు ముందు నుంచి రైలు గేటు దాకా నిలబడ్డారు. గౌరునాయుడు కూడా వచ్చాడు. ఏళ్ళ తరబడి మాట లేని మనిషి శవం మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగది కాదు. మర్నాటి పత్రికకి ఆయన వార్త నేను రాయాలి. చెయ్యి ఆడలేదు. ఎలాగో రాసి, నారాయణమ్మ గారికి చదివి వినిపించడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో చుట్టాలంతా ఉన్నారు. నిజాయితీ, ధైర్యం, పేదల పక్షం అంటూ నేను చదువుకుంటూ పోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"అన్నీ మంచే రాసినావేటి? ఆ రెండు పేటలు కొట్టీసినాడు కదా, అదేదీ?"

"ఈరోజు ఎందుకమ్మా అది" అన్నాను.

గౌరునాయుడు అడ్డం వచ్చాడు. "అప్పా, సచ్చిపోనోడి తప్పు అచ్చేస్తారేటి? బావ దేవుడు. అలగే రాయమను. అరపేజీ ప్రకటన నాను ఇస్తాను." చుట్టాలు అవునవునన్నారు. రమణ కూడా తల వంచుకుని, "వొగ్గీ అమ్మా" అని వదిలెయ్యమన్నాడు.

ఆవిడ గోడ పట్టుకుని లేచారు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఉబ్బిపోయాయి గానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"నా మొగుడు దేవుడు కాడు. తమ్ముడి మొకం సూసి భయపడినాడు, అబద్ధమాడినాడు, మళ్ళీ ఎల్లి ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకున్నోడితో నాను కాపరం సేసినాను. ఒరే రమణా, ఒసే గుంటా, ఇనండి. ఆయన గురించి సగమే అచ్చేసినారంటే, రేపు ఆటో కట్టించుకుని సవరణ సదవడానికి నా గుమ్మం ముందుకే రావాల మీరందరూ!"

అక్కడే కూర్చుని రెండు పేటల సంగతి రాశాను. ఆయన నేర్పినట్టే లేచి వెళ్ళి, గుమ్మం అవతల నిలబడి, గౌరునాయుడు వింటుండగా మొత్తం చదివాను. ఎక్కడా నోరు తడబడలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "ఇప్పుడెయ్యి" అన్నారు. వేశాం. అరపేజీ ప్రకటన లేకుండానే వేశాం.

ఇప్పుడు పత్రికకి సంపాదకురాలిని నేనే. నోటీసులొస్తాయి, ఫోన్లొస్తాయి. ఆ వార్త తీసెయ్యి, లేకపోతే సంగతి చూస్తామంటారు. తప్పుంటే మీ గుమ్మం ముందుకే వచ్చి చదువుతామని చెప్తాను. ఆ మాటతో చాలామంది ఫోను పెట్టేస్తారు. పెట్టెయ్యని వాళ్ళ అడ్రసు తీసుకుంటాను, వెళ్తాను.